ఫామ్‌లో లేని ప్రేక్షకులు

వేమగూడెం కబడ్డీ జట్టు వరసగా తొమ్మిదో మ్యాచ్ ఓడిపోయిన ఆదివారం సాయంత్రం టైలర్ కుండలేశ్వర్రావు ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా మంచం మీద కూర్చున్నాడు. భార్య భ్రమరాంబ అన్నం పెట్టనా అని అడగలేదు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆవిడ నేర్చుకున్న విద్యల్లో అది ముఖ్యమైనది. జట్టు ఎంత తేడాతో ఓడిందో ఆయన నోటి వెంట వచ్చేదాకా పొయ్యి మీద చారు అలా మరుగుతూనే ఉండాలి.

"పద్దెనిమిది," అన్నాడాయన చివరికి.

"పోయినసారి మీద నయమే కదండీ. అప్పుడు ఇరవయ్యొకటి."

ఆవిడ ఓదార్పుగా అన్నదో, దెప్పిపొడుపుగా అన్నదో ఆయనకి అర్థం కాలేదు. అర్థం చేసుకునే ఓపిక కూడా లేదు. డెల్టాలోని ఎనిమిది ఊళ్ళు కలిసి ఆడుకునే ఆ లీగులో ఒక పాత నియమం ఉంది. వరసగా పది మ్యాచులు ఓడిన జట్టుని కింది విభాగంలోకి దించేస్తారు. కింది విభాగమంటే పేరు కూడా సరిగ్గా తెలియని ఊళ్ళతో, చేపల చెరువు గట్ల మీద ఆడుకోవడం. పదో మ్యాచ్ చింతలపర్రుతో. చింతలపర్రు పేరెత్తితే వేమగూడెంలో పసిపిల్లలు కూడా పాలు తాగడం ఆపి మొహం చిట్లిస్తారు.

ఊడ్పుల కాలం కావడంతో లీగుకి రెండు నెలలు సెలవిచ్చారు. ఆటగాళ్ళలో సగం మంది, చూసేవాళ్ళలో ముప్పాతిక మంది చేలల్లో ఉంటారు కాబట్టి ఏటా అలా ఇవ్వడం ఆనవాయితీ. అంటే జట్టుని బాగు చేసుకోవడానికి రెండు నెలలు టైముంది. బాగు చేయడమెలాగో కుండలేశ్వర్రావుకి తెలుసు. ఊళ్ళో అందరికీ తెలుసు. తెలియనిది ఎంపిక సంఘానికి ఒక్కదానికే.

జట్టు కెప్టెన్ తాతాజీ ఒకప్పుడు పులే, కాదనకూడదు. ఇప్పుడు నలభై దాటాయి, మోకాళ్ళు మాట వినడం మానేశాయి. కూతకి వెళ్ళి, మధ్య గీత దాటి రెండడుగులు వేసి, తొడ చరుచుకుని, ఆకాశం వంక ఓసారి చూసి, క్షేమంగా వెనక్కొచ్చేస్తాడు. ఎవరి దగ్గరికీ వెళ్ళడు కాబట్టి ఎవరికీ దొరకడు. ఈ ఏడు అరవై నాలుగు కూతలు పెట్టి రెండంటే రెండు పాయింట్లు తెచ్చాడు. అందులో ఒకటి అవతలివాడు కాలు జారి వచ్చి ఇతని మీద పడ్డందువల్ల వచ్చింది.

అదే జట్టులో, రిజర్వు బెంచీ చివర, ఏసుబాబు అని ఇరవై నాలుగేళ్ళ వాడొకడున్నాడు. గోదాట్లో ఇసుక పడవ మీద పనిచేస్తాడు. మనిషి మడమ వాడి చేతికి చిక్కిందంటే ఉడుం పట్టే. ప్రాక్టీసులో వాణ్ణి వదిలించుకున్నవాడు లేడు. తొమ్మిది మ్యాచులూ వాడు బెంచీ మీద కూర్చుని తువ్వాళ్ళు మడత పెట్టాడు.

కుండలేశ్వర్రావు అర్జీ రాశాడు. కెప్టెన్‌కి విశ్రాంతినిచ్చి ఏసుబాబుని ఆడించవలసిందని రెండు ముక్కలు. కింద రెండొందల పన్నెండు సంతకాలు. సోమవారం పొద్దున్నే పట్టుకెళ్ళి కబడ్డీ సంఘం సెక్రటరీ ఉండ్రాజవరపు సోమసుందరం గారికి ఇచ్చాడు. సోమసుందరం గారు సహకార శాఖలో ముప్పై నాలుగేళ్ళు చేసి దిగినవాడు. ఇంట్లో కాఫీ కావాలన్నా "కాఫీ విషయమై తగు చర్య తీసుకోవలసింది" అంటాడని ఊళ్ళో ప్రతీతి.

ఆయన అర్జీని రెండుసార్లు చదివి, మూడోసారి వెనక్కి తిప్పి చూశాడు.

"పౌరుల ఆవేదన సంఘం దృష్టికి వచ్చినది. పరిశీలనార్థం స్వీకరించడమైనది."

"పరిశీలనకేముందండీ బాబూ? ఏసుబాబుని దింపితే సరిపోద్ది కదండీ."

"చూడండి కుండలేశ్వర్రావు గారూ. ఉన్న ఆటగాణ్ణి ఉంచడానికి కారణం రాయనక్కర్లేదు. తీయడానికైతే రాయాలి. రాసిన కారణానికి రేపు ఎవరైనా సంజాయిషీ అడగవచ్చు. ఇందులో పాలనాపరమైన చిక్కులున్నవి."

అయినా రెండొందల పన్నెండు సంతకాలంటే మాటలు కాదు. వారం తిరక్కుండా పరాజయ కారణాల మీద త్రిసభ్య విచారణ సంఘం ఏర్పడింది. ఊరు సంతోషించింది. కుండలేశ్వర్రావు ఆ వారమంతా మిషను తొక్కుతూ ఈల వేశాడు.

విచారణ సంఘం ఇరవై రోజులు శ్రమించి నలభై ఒక్క పేజీల నివేదిక తయారు చేసింది. మైదానంలో షామియానా వేసి, మైకు పెట్టి, సోమసుందరం గారే స్వయంగా దాన్ని చదివారు.

"తొమ్మిది మ్యాచులలోనూ ఆ ఏడుగురు ఆటగాళ్ళే ఆడినారు. అనగా ఆటగాళ్ళలో ఎట్టి మార్పు లేదు. మార్పు లేనిది మార్పునకు కారణం కాజాలదు. మరి మారినదేమి? మొదటి మ్యాచ్‌నకు ప్రేక్షకులు పద్నాలుగు వందల మంది. తొమ్మిదవ మ్యాచ్‌నకు మూడు వందల పది. మొదటి మ్యాచ్‌లో చప్పట్లు ఎనభై రెండు సార్లు. తొమ్మిదవ మ్యాచ్‌లో రెండు సార్లు. అందులో ఒకటి దోమల నిమిత్తం. కావున జట్టు సంతృప్తికరముగా ఉన్నదనియు, ప్రేక్షకులు ఫామ్ కోల్పోయినారనియు ఈ సంఘము నిర్ధారించినది."

ఆడలేక మద్దెల ఓడన్నవాణ్ణి అందరూ చూశారు గానీ, మద్దెలని వదిలేసి, డబ్బు పెట్టి చూడ్డానికొచ్చినవాడే ఓడన్నవాణ్ణి చూడ్డం వేమగూడేనికి అదే మొదలు. జనం నోళ్ళు తెరిచారు. ముందు వరసలో కూర్చున్న తాతాజీ మాత్రం గంభీరంగా తలాడించాడు. తనకి ఎప్పటినుంచో ఆ అనుమానం ఉందన్నట్టు.

చింతలపర్రు మ్యాచ్‌ మొదలుకుని వచ్చినవారినల్లా రానివ్వరట. ప్రేక్షకులకి ఎంపిక పరీక్షలు జరుగుతాయట. ప్రథమ జట్టులో మూడొందలు, రిజర్వులో వంద. తక్కినవాళ్ళు ఫామ్‌లోకి వచ్చేదాకా ఇళ్ళల్లో ఉండాలట.

కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని భ్రమరాంబ నవ్వింది. కుండలేశ్వర్రావుకి నవ్వు రాలేదు. ముప్పై ఒక్కేళ్ళుగా ఉత్తరం వైపు మూడో మెట్టు మీద కూర్చుంటున్న మనిషి. ఎవడో పరీక్ష పెట్టి కాదంటే ఏమైపోవాలి? మర్నాటినుంచి ఆయన తేనె, మిరియాలు వేసుకుని వేడినీళ్ళు తాగడం మొదలెట్టాడు.

పరీక్షలు మూడు రోజులు జరిగాయి. అరుపు పరీక్షకి మునిసిపల్ శానిటరీ ఇన్‌స్పెక్టరు దూరంగా నీళ్ళ ట్యాంకు దగ్గర పచ్చజెండా పట్టుకుని నిలబడ్డాడు. మైదానంలో అరిచిన అరుపు ఆయన చెవిన పడితే జెండా ఊపుతాడు. పడకపోతే ఊపడు. ఒకసారి ఈగని తోలుకోవడానికి జెండా ఊపితే, నోరు తెరవనైనా తెరవని ఒక కల్లుగీత కార్మికుడు పాసైపోయాడు. ఆ తీర్పుమీద అప్పీలు లేదన్నారు.

అసలైనది రెండోరోజు జరిగిన నిరాశ పరీక్ష. గదిలో టీవీ పెట్టి తాతాజీ అరవై నాలుగు కూతలూ వరసగా చూపించారు. చూస్తూ నిట్టూర్చినవాడు, నుదురు కొట్టుకున్నవాడు, తల అడ్డంగా ఊపినవాడు ఫెయిల్. పదిహేనో కూతకల్లా సగం గది ఖాళీ అయింది. మెడికల్ షాపు పోతురాజు ముప్పయ్యో కూత దాకా పళ్ళు బిగబట్టి, ముప్పై ఒకటో దానికి "ఓరి భగవంతుడా" అనేసి రిజర్వులోకి వెళ్ళాడు. కుండలేశ్వర్రావు తన కొలతల టేపుని రెండు చేతుల్తో రెండు కొసలా బిగించి పట్టుకుని కూర్చున్నాడు. చేతులు నుదుటిదాకా వెళ్ళే వీలు లేకుండా ఆ టేపే ఆపింది. అరవై నాలుగూ చూశాడు. రెప్ప వేయలేదు.

ఫలితాలు వచ్చాయి. చిక్కం కుండలేశ్వర్రావు, ప్రథమ శ్రేణి. అంతేకాదు, ప్రేక్షక నాయకుడు. ఎంపికైన అందరిలాగే చొక్కాకి ఆకుపచ్చ రిబ్బను, నాయకుడు కాబట్టి చేతికో ఈల.

ఇక్కడ నిజం చెప్పుకోవాలి. ఆ రిబ్బను మనిషిని మార్చేసింది. కుండలేశ్వర్రావు తెల్లారి ఐదున్నరకల్లా మూడొందల మందిని మైదానంలో వరసలు కట్టించి చప్పట్లు కొట్టించేవాడు. మెట్లెక్కించి దింపేవాడు. రెండో వరసలో శ్రుతి తప్పుతోందని అరిచేవాడు. మైదానం ప్రేక్షకుల ప్రాక్టీసుకి కావాలి కాబట్టి ఆటగాళ్ళ ప్రాక్టీసు రద్దు చేశారు. వాళ్ళు పొద్దున్నే వచ్చి గ్యాలరీ నీడన కూర్చుని వేరుశెనక్కాయలు వలుచుకుంటూ ప్రేక్షకులని చూసేవారు.

"ఆ నాలుగో వరస చూడండి, ఒక్కడిలోనూ పస లేదు," అనేవాడు తాతాజీ తొక్కలు ఊదుకుంటూ. "ఎన్నిసార్లు సెప్పినా ఆళ్ళనే సెలక్ట్ సేత్తారు. ఈ సెలక్షనోళ్ళకి కళ్ళు కనపడవండీ."

నాలుగో వరసని మార్చాలని ఏడుగురు ఆటగాళ్ళూ సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చారు. దాన్ని మర్నాడే ఆమోదించారు. అర్జీ ఇచ్చి పని జరిపించుకోవడం వేమగూడెంలో అదే ప్రథమం.

ఒక రోజు మధ్యాహ్నం భోజనం దగ్గర కుండలేశ్వర్రావు నాలుగో వరస మార్పుల గురించి చెబుతుంటే భ్రమరాంబ గరిటె ఆపింది.

"ఏవండీ, మీరు అర్జీ పెట్టింది ఏసుబాబు కోసమా, ఈ రిబ్బను కోసమా?"

ఆయన ముద్ద నోటి దగ్గరే ఆగింది. ఏసుబాబు మాట తలుచుకుని పదకొండు రోజులైంది. సిగ్గేసింది. అన్నం సగంలో వదిలి లేచి వెళ్ళి మిషను దగ్గర కూర్చున్నాడు. చింతలపర్రు మ్యాచ్ ఇంకా తొమ్మిది రోజులే ఉంది. రిబ్బను కట్టుకున్న మూడొందల మంది ఎంత శ్రుతిగా అరిచినా తాతాజీ రెండడుగులు వేసి వెనక్కే వస్తాడు. జట్టు కింది విభాగానికే పోతుంది. అది ఆయనకి అద్దంలా కనబడింది.

దారి చూపించినవాడు పోతురాజు. పాపం తెలిసి చూపించలేదు. ఆ శుక్రవారం సాయంత్రం, ఆటగాళ్ళు చాలా రోజులకి మొహమాటానికి ఒక ప్రాక్టీసు మ్యాచ్ ఆడారు. రిజర్వు ప్రేక్షకుడిగా వచ్చిన పోతురాజు కాసేపు ఓర్చుకుని, "ఎడమ మూల ఆడేవోడికి పట్టు పట్టడం రాదెహె!" అన్నాడు.

సోమసుందరం గారు లేచి నిలబడ్డారు. ఎంపికలతో పాటే సంఘం తయారుచేసిన ప్రేక్షక నియమావళి తీశారు. పద్నాలుగో నిబంధన చదివారు.

"ఒడ్డున కూర్చుని ఎన్నైనా చెప్పవచ్చునను దురలవాటును నిర్మూలించు నిమిత్తము, ఆటగాడిని విమర్శించిన ప్రేక్షకుడు తక్షణమే సదరు ఆటగాడి స్థానమున బరిలో దిగి, మ్యాచ్ ముగియువరకు స్వయముగా ఆడి, ఆటలోని కష్టనష్టములు తెలుసుకొనవలెను. సదరు ఆటగాడు ప్రేక్షకుని స్థానమున కూర్చుని విశ్రమించవలెను."

పోతురాజు పంచె ఎగ్గట్టుకుని దిగాడు. నలభై సెకన్లలో బయటికొచ్చాడు. కుడిభుజం ఉండాల్సిన చోట లేదు. తన కొట్లో మందు తనే పూసుకుని నాలుగు రోజులు ఎడంచేత్తో అన్నం తిన్నాడు. ఆ దెబ్బతో గ్యాలరీ అంతా నిశ్శబ్దమైపోయింది. సోమసుందరం గారు నిబంధన సత్ఫలితాలిస్తోందని మినిట్సు పుస్తకంలో రాసుకున్నారు.

కుండలేశ్వర్రావు మాత్రం ఆ సాయంత్రం నిబంధన కాగితాన్ని మిషను మీద పరుచుకుని మూడుసార్లు చదివాడు. మర్నాడు సెక్రటరీ గారి దగ్గరికి వెళ్ళాడు.

"ఒక సందేహమండీ. రిజర్వు ఆటగాడు ఊరికే బెంచీ మీద కూర్చుంటున్నాడు కదండీ. ఆణ్ణి ప్రేక్షకుడిగా ఏసుకోవచ్చాండీ? నాలుగో వరసలో ఒక ఖాళీ ఉందండీ."

సోమసుందరం గారి మొహం వికసించింది. "భేషైన ప్రతిపాదన! అందుబాటులో ఉన్న మానవ వనరును నిరుపయోగముగా ఉంచరాదు. పన్నెండుమంది జాబితాలో పేరు యథాతథముగా ఉండగా, ప్రేక్షక విధులు అదనపు బాధ్యతగా అప్పగించవచ్చును. వెంటనే ఉత్తర్వులిస్తాను."

ఏసుబాబుకి ఉత్తర్వు అందింది. ఆకుపచ్చ రిబ్బను కట్టుకుని నేరుగా టైలర్ షాపుకొచ్చాడు. కుండలేశ్వర్రావు తలుపు దగ్గరగా వేసి విషయం చెప్పాడు. మ్యాచ్‌లో తాతాజీని ఒక్క మాట గట్టిగా అంటే చాలు. శిక్ష పడుతుంది. శిక్షంటే ఆటే.

ఏసుబాబు బిక్కమొహం వేశాడు.

"నా వల్ల కాదండి బాబాయిగోరూ. తాతాజీ అన్నయ్య నాకు కబడ్డీ నేర్పాడండీ. ఆయన్నెలా తిడతానండీ?"

"తిట్టొద్దురా. ఇమర్శించు."

"రెండూ ఒకటే కదండీ. నేనసలు ఎవర్నీ ఒక మాట అనలేదండీ ఇప్పటిదాకా. పడవలో ఎవరైనా నా కాలు తొక్కినా నేనే సారీ సెప్తానండీ."

డెల్టా మొత్తంలో తిట్టడం రాని మనిషి ఒక్కడంటే ఒక్కడున్నాడని, వాడే తన ఏసుబాబని కుండలేశ్వర్రావుకి అప్పుడు తెలిసింది. ఆ రోజునుంచి షాపులో పాఠాలు మొదలయ్యాయి. బట్టలు తగిలించే బొమ్మని తాతాజీ అనుకోమన్నాడు. ఏసుబాబు బొమ్మకి నమస్కారం పెట్టి, "అన్నయ్యా, తమరు ఇంకొంచెం ముందుకెల్తే బాగుంటదేమోనండీ" అన్నాడు. రెండో రోజు "అండీ" ఒకటి తగ్గింది. మూడో రోజు మళ్ళీ వచ్చేసింది. భ్రమరాంబ కొంగు దోపుకుని రంగంలోకి దిగింది.

"ఇదిగో అబ్బాయీ, ఇలా చూడు. మా ఆయన రిబ్బను కట్టుకుని ఇన్ని రోజులు తిరిగాడు కదా, అప్పుడు నాకెలా ఒళ్ళు మండిందో చూపిస్తాను." చూపించింది. బాగా చూపించింది. కుండలేశ్వర్రావు కత్తెర కింద పెట్టి తల దించుకున్నాడు. ఏసుబాబు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అమ్మగోరూ, పాపమండీ బాబాయిగోరు" అన్నాడు.

మ్యాచ్ రోజు వచ్చింది. మూడొందల మంది ఎంపికైన ప్రేక్షకులు వరసల్లో కూర్చున్నారు. ఎంపిక కానివాళ్ళు ప్రహరీ గోడ అవతల సైకిళ్ళ మీద, ట్రాక్టర్ ట్రక్కుల మీద నిలబడ్డారు. చింతలపర్రు వాళ్ళు పసుపుపచ్చ బనియన్లలో దిగారు. తాతాజీ మొదటి కూతకి వెళ్ళి, రెండడుగులేసి, తొడ చరుచుకుని, ఆకాశం చూసి, వెనక్కొచ్చాడు. కుండలేశ్వర్రావు ఈల ఊదాడు. మూడొందల మంది శ్రుతిగా "భళా!" అన్నారు. చింతలపర్రు వాళ్ళు ఆట ఆపి, నవ్వాపుకోలేక నేలమీద కూర్చున్నారు.

సగం ఆటకి వేమగూడెం ఎనిమిది, చింతలపర్రు పంతొమ్మిది. ఇంకో ఇరవై నిమిషాలైతే ముప్పై ఒక్కేళ్ళ తన ఆదివారాలు చేపల చెరువు గట్లకి పోతాయి. కుండలేశ్వర్రావు నాలుగో వరస వంక తిరిగి చెయ్యి ఊపాడు. ఏసుబాబు లేచి నిలబడ్డాడు. చేతులు కట్టుకున్నాడు.

"తాతాజీ అన్నయ్యా! తమరు కొంచెం... అంత బాగా... అంటే బాగానే అనుకోండి..."

సోమసుందరం గారు నియమావళి తిరగేశారు. శానిటరీ ఇన్‌స్పెక్టరుతో సంప్రదించారు. "ఇది విమర్శ కాదు. సూచన. సూచనకు శిక్ష లేదు. కూర్చోండి."

ఏసుబాబు కూర్చున్నాడు. కుండలేశ్వర్రావు కళ్ళు మూసుకున్నాడు. రెండో సగం మొదలైంది. కూతకొచ్చిన వేమగూడెం వాడొకణ్ణి పట్టబోయి, వాడు ఎలాగో గీత తాకేయడంతో చింతలపర్రు వాళ్ళు ఒకేసారి నలుగురు బరిలోంచి బయటికెళ్ళారు. ముగ్గురే మిగిలారు. మూలలు రెండూ ఖాళీ. ముట్టుకున్నవాడిదే పాయింటు. తాతాజీ కూతకి వెళ్ళాడు. గీత దాటాడు. రెండడుగులు వేశాడు. ఆ ముగ్గురూ భయపడి వెనక్కి జరిగారు. తాతాజీ తొడ చరుచుకుని, ఆకాశం చూసి, వెనక్కొచ్చేశాడు.

నాలుగో వరసలో ఏదో తెగింది. ఏసుబాబు ఎప్పుడు లేచాడో వాడికే తెలియదు.

"ఏటన్నయ్యా అది! సిగ్గులేదా? అక్కడిదాకా ఎల్లి రావడానికి నువ్వెందుకు, మా మామ్మని పంపినా వత్తది! తొమ్మిది మ్యాచులు తువ్వాళ్ళు మడతెట్టాను, ఒక్క మాటన్నానా? ఇంక నా వల్ల కాదు, లెగు అక్కణ్ణుంచి!"

కొట్టబోయిన చప్పట్లు మధ్యలోనే ఆగాయి. గోడ అవతల ట్రాక్టరు ఇంజను కూడా ఆగింది. నటన కాదని అందరికీ తెలిసింది. తాతాజీకి అందరికంటే ముందు తెలిసింది. మొహం ఎర్రబడి, తల వంచుకుని, ఎవరూ చెప్పకుండానే నాలుగో వరస వైపు నడిచాడు.

"పద్నాలుగో నిబంధన!" అని కేకేశారు సోమసుందరం గారు. "ఈ అహంకారికి తక్షణ శిక్ష అమలు చేయవలసింది!"

పన్నెండుమంది జాబితాలో పేరుంది కాబట్టి రెఫరీకి అభ్యంతరం లేదు. ఏసుబాబు రిబ్బను విప్పి మెట్టు మీద పెట్టి శిక్ష అనుభవించడానికి దిగాడు. చింతలపర్రు నుంచి కూతకొచ్చిన మొదటివాడు ఎడమ మూల దాటుతుండగా మడమ దొరికింది. వాడు గీత వైపు చెయ్యి చాచి మూడు గజాలు ఈడ్చుకుపోయాడు గానీ ఏసుబాబు మడమ వదల్లేదు. రెండోవాడూ అంతే. మూడోవాడు దూరంగా ఉండి వెనక్కెళ్దామనుకున్నాడు, ఎగిరి పట్టాడు. కుండలేశ్వర్రావు ఈల ఎక్కడో పడిపోయింది. వరసలు చెదిరిపోయాయి. మూడొందల మంది శ్రుతి లేకుండా, ఎవరికి తోచింది వాళ్ళు అరిచారు. గోడెక్కి లోపలికి దూకినవాళ్ళెందరో ఎవరూ లెక్కపెట్టలేదు. ఆఖరి విజిల్‌కి వేమగూడెం ఇరవయ్యేడు, చింతలపర్రు ఇరవయ్యారు.

కుండలేశ్వర్రావు ఏడ్చాడు. పక్కనున్న తాతాజీ భుజం మీద తల పెట్టి మరీ ఏడ్చాడు. తాతాజీ కూడా ఏడ్చాడు, ఎందుకేడ్చాడో గానీ.

వారానికి సంఘం విజయోత్సవ సభ పెట్టింది. ప్రేక్షకులలో ఫామ్ పునరుద్ధరించిన ఫలితంగానే విజయం చేకూరినదని సోమసుందరం గారు నివేదిక చదివారు. తొమ్మిది ఓటములలో లేనిది, పదో మ్యాచ్‌లో ఉన్నది ప్రేక్షకుల ఎంపిక ఒక్కటేనన్నారు. తర్వాత ఏసుబాబుని వేదిక మీదికి పిలిచారు. శిక్షని ఇంత శ్రద్ధగా అనుభవించిన ప్రేక్షకుడు సంఘం చరిత్రలో లేడన్నారు. "ఆదర్శ ప్రేక్షక" బిరుదిచ్చి, మెళ్ళో పట్టు శాలువా వేసి, ముందు వరసలో ఆజన్మాంతం కుర్చీ కేటాయించారు. ఆదర్శ ప్రేక్షకునిపై ఇకముందు ఏ నిబంధన కిందా ఎట్టి చర్యా తీసుకోరాదని తీర్మానించారు. కెప్టెన్‌గా తాతాజీ కొనసాగుతాడన్నారు. తీయడానికి కారణం కనిపించలేదట, గెలిచారు కదా.

కుండలేశ్వర్రావు వేదిక మెట్లు సగం ఎక్కేశాడు.

"మరి ఏసుబాబు ఆడొద్దాండీ?"

"ఆయన శిక్ష పూర్తయినది కదండీ," అన్నారు సోమసుందరం గారు ఓపిగ్గా. "పూర్తయిన శిక్షను నిరపరాధికి మళ్ళీ విధించడం అన్యాయం. అంత కఠినాత్ములమా మేము?"

తర్వాత రెండు మ్యాచులూ ఏసుబాబు ముందు వరస కుర్చీలోంచి తాతాజీని నోరారా తిట్టాడు. ఇప్పుడు ధారాళంగా వస్తోంది. తిట్టినప్పుడల్లా సోమసుందరం గారు లేచి చప్పట్లు కొట్టారు. రెండూ ఓడిపోయారు.

ఆ మరుసటి మంగళవారం ఏసుబాబు షాపుకొచ్చాడు. చేతిలో పసుపుపచ్చ గుడ్డ. చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాడు.

"చింతలపర్రోళ్ళు ఇంటికొచ్చారండి బాబాయిగోరూ. ఎడమ మూల ఆడమన్నారండీ."

కుండలేశ్వర్రావు మిషను తొక్కడం ఆపాడు. "సెక్రటరీ గారేమన్నారు?"

"అభ్యంతరం లేదని కాయితం ఇచ్చేశారండీ. ప్రేక్షకుడు ఏ ఊరెల్లినా ఆపడానికి నిబంధన లేదంటండీ." గుడ్డ బల్ల మీద పెట్టాడు. "నిక్కరు కుట్టాలండీ. మీ కుట్టయితే ఎంత వంగినా పిగలదండీ. మీకు మనసొప్పకపోతే వద్దులెండి. ఇంకెక్కడైనా..."

"మొదటి ఆట ఎప్పుడు?"

"వచ్చే నెల మూడో ఆదివారమండీ. మనోళ్ళతోనేనండీ."

'మనోళ్ళు' అన్నమాట కుండలేశ్వర్రావు గుండెలో ముల్లులా దిగింది. ముప్పై ఒక్కేళ్ళలో ఆ రంగు గుడ్డ తన షాపు గుమ్మం తొక్కలేదు. లోపలినుంచి భ్రమరాంబ వచ్చి గోడకానుకుని నిలబడింది. అర్జీలో ఆయన అడిగింది ఏసుబాబుని ఆడించమనే. ఆడుతున్నాడు. ఎవరి తరఫున అన్నది రాయడం అవసరమని అప్పుడు తోచలేదు.

ఆయన మెళ్ళోంచి టేపు తీశాడు. నడుం కొలిచాడు, తొడ కొలిచాడు, పొడవు కొలిచాడు. సుద్దముక్కతో గుడ్డ మీద గీత గీశాడు. ఆ గీత చెరిపి, తొడ దగ్గర రెండంగుళాలు వదులు పెట్టి మళ్ళీ గీశాడు.

"ఎందుకండీ అంత వదులు?" అన్నాడు ఏసుబాబు.

"తాతాజీ కూతకొచ్చినా మరీ దూరంగా నిలబడతాడురా," అన్నాడు కుండలేశ్వర్రావు కత్తెర అందుకుంటూ. "మడమ అందాలంటే బాగా సాగాలి నువ్వు."